ఎల్లారెడ్డిలో లేని ఆఫీసు

నేను పనిచేసే కంపెనీ నెదర్లాండ్స్‌లో ఉంది. పూల తోటలు పెంచేవాళ్లు లెక్కలు చూసుకోవడానికి వాడే సాఫ్ట్‌వేర్ వాళ్లది. చిన్న కంపెనీ. ఇండియాలో వాళ్లకు ఆఫీసు లేదు. ఉన్నది నేనొక్కదాన్నే, కామారెడ్డి జిల్లా ఎల్లారెడ్డిలో, అత్తగారింటి ముందు గదిలో. బిల్లు సరిపోలేదనో, పన్ను రెండుసార్లు పడిందనో తోటల యజమానులు రాస్తే, చూసి సరిచేసి జవాబివ్వడం నా పని. మధ్యాహ్నం మొదలై రాత్రి అన్నాల వేళ దాకా సాగుతుంది. ఆ తోటల్ని నేనెప్పుడూ చూడలేదు. ఏ పువ్వు ఏ నెలలో ఎంతకు పోతుందో మాత్రం నోటికి వచ్చు.

కాగితం మీద నేను వాళ్ల ఉద్యోగిని కాదు, కాంట్రాక్టర్‌ని. నెలాఖరుకు నేనే బిల్లు పంపితే వాళ్లు డబ్బు పంపేవారు. పీఎఫ్ లేదు, జీతంతో సెలవు లేదు. పాప పుట్టినప్పుడు రెండు నెలలు పని ఆపాను, ఆ రెండు నెలలు బిల్లు పంపలేదు, అంతే. మళ్లీ తీసుకుంటారో లేదోనని ఆసుపత్రి మంచం మీద కూడా ఫోన్ చూసుకుంటూ ఉన్నాను. తీసుకున్నారు. నా మేనేజరు నాకన్నా పదేళ్లు పెద్ద. నేను తిరిగి చేరిన రోజు స్క్రీన్ మీద పాపను చూసి ఆవిడ కళ్లు తుడుచుకుంది.

నా భర్త ఒమాన్‌లో ఉంటాడు. ఆయన చేసేది కొరియా వాళ్ల కంపెనీలో. ఇంతమంది స్థానికులను పనిలో పెట్టుకోవాలని అక్కడి ప్రభుత్వం ఆ కంపెనీకి రూలు పెట్టిందట. ఆ రూలు గట్టిపడినప్పుడల్లా వాళ్ల గదిలో ఎవరో ఒకరు సూట్‌కేసు సర్దుకుంటారని చెబుతాడు. ఆయన వంతు ఎప్పుడొస్తుందో తెలియదు. వచ్చిన రోజు మాకు మిగిలేది నా పని ఒక్కటే. అందుకే దాని గురించి అంత భయం.

ఇదంతా మామకు చెప్పడం కష్టం. ఆయన పొలం కౌలుకిచ్చి, పొద్దున్నే మెయిన్ రోడ్డు మీది చాయ్ హోటల్లో కూర్చుంటాడు. కోడలు ఏం చేస్తుందని అక్కడ అడుగుతారు. కంపెనీలో పని అంటే, కంపెనీ ఎక్కడుందని అడుగుతారు. ఇంట్లోనే అని చెబితే నవ్వేవారట. ఇంట్ల కూసుంటే జీతమిచ్చే కంపెనీ మాగ్గూడ చూపియ్యి పటేలా అనేవారట. ఆయన ఇంటికొచ్చి ఆ మాటలు అత్తకు చెప్పుకునేవాడు, నాకు చెప్పేవాడు కాదు.

మా దిక్కు ఫ్లెక్సీ లేకుండా ఫంక్షన్ జరగదు. పుట్టినరోజైనా, కొత్త దుకాణమైనా, ఎవరైనా యాత్రకు వెళ్లొచ్చినా ఫొటోలతో ఫ్లెక్సీ కడతారు. పాపను ఉయ్యాలలో వేసే తొట్టెల ఫంక్షన్‌కు మామ స్వయంగా కామారెడ్డి పోయి చేయించుకొచ్చాడు. విప్పి చూస్తే గేటంత ఉంది. ఒక పక్క పాప, ఒక పక్క నేను, పైన మా కంపెనీ గుర్తు. ఆ గుర్తు ఆయనకు నా లాప్‌టాప్ సంచి మీద దొరికింది. నా ఫొటో కింద మేనేజర్ అని, దాని కింద కంపెనీ పేరు, ఆ కింద ఇంకా పెద్ద అక్షరాల్లో ఇండియా ఆఫీసు, ఎల్లారెడ్డి అని రాయించాడు.

అత్త దాని ముందు నిలబడి, "బిడ్డ తొట్టెలనా, ఆఫీసు ఓపెనింగా?" అంది.

మామ నవ్వాడు గానీ, ఫంక్షన్ అయిపోయాక కూడా దాన్ని గేటు మీది నుంచి తీయలేదు.

మళ్లీ పనిలో చేరిన వారం మేనేజరు తొట్టెల ఫొటోలు అడిగింది. పంపాను. వెనక ఉన్నదేమిటంది. గుర్తు తమదే, అక్షరాలు మాత్రం తెలియలేదు. నేను ఉన్నదున్నట్టు ఇంగ్లిషులో చెప్పాను. ఆవిడ కుర్చీలో వెనక్కి వాలి నవ్వింది. నాకూ సంతోషంగానే ఉండింది. కంపెనీ వాళ్లందరూ మాట్లాడుకునే గ్రూపులో ఆ ఫొటో పెట్టి, మన కొత్త ఇండియా ఆఫీసు అని కింద రాసింది. నేను పేర్లు మాత్రమే ఎరిగిన మనుషులు కూడా గుండె బొమ్మలు పెట్టారు.

తర్వాతి వారం, ఆ ఫొటో చూసిన కంపెనీ లాయరు నుంచి మెయిల్ వచ్చింది.

అందులో ఉన్నదాన్ని నాకు అర్థమైనంత వరకు ఇలా చెప్పవచ్చు. బయటి దేశపు కంపెనీకి ఇక్కడ ఒక స్థిరమైన చోటు ఉందని తేలితే, దాని లాభంలో కొంత భాగం మీద ఇక్కడ పన్ను పడవచ్చు. ఇక్కడ రిజిస్టర్ కావాలి, ఏటా లెక్కలు చూపాలి. అదీగాక, వాళ్లు చెప్పిన వేళల్లో, వాళ్లకొక్కరికే ఏళ్ల తరబడి పనిచేసే మనిషిని కాంట్రాక్టర్ అంటే మన చట్టం ఒప్పుకోకపోవచ్చు. ఉద్యోగి అని తేలితే పీఎఫ్, గ్రాట్యుటీ, కాన్పు సెలవు అన్నీ పాత తేదీల నుంచి మీద పడతాయి. దారులు మూడే అని రాశారు. ఇండియాలో కంపెనీ పెట్టడం మొదటిది. ఒక్క మనిషి కోసం అది కుదరదని పక్కనే రాశారు. ఇక్కడి ఏదైనా సంస్థ నన్ను ఉద్యోగంలోకి తీసుకుని, ఈ కంపెనీ పని నాతో చేయించడం రెండోది. మూడోది ఒప్పందం ముగించడం. ముందు లాయరు నాతో మాట్లాడతాడు, ఆ తర్వాతే నిర్ణయం.

ఆ సాయంత్రం ఫోన్‌లో నా భర్తకు చెప్పాను. "తీసేస్తరా?" అన్నాడు. తెలియదన్నాను. పాప తిన్నదా, టీకా వేయించినవా అని వేరే మాటల్లోకి వెళ్లిపోయాడు.

లాయరు వీడియోలో మాట్లాడే రోజు మామ ఇస్త్రీ చొక్కా వేసుకుని, గది బయట కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. తనిఖీకి వస్తున్నారని ఆయన అనుకున్నాడు. నేను తలుపు వేస్తుంటే, "మంచి రూమే ఉన్నదని చెప్పు బిడ్డా. కరెంటు పోతే ఇన్వర్టర్ గూడ ఉన్నదని చెప్పు" అన్నాడు. ఆ రెండూ నేను చెప్పకూడని మాటలే.

లాయరు చిన్నవాడే. మర్యాదగా, నిదానంగా అడిగాడు. తోటల వాళ్లతో ధరలు నువ్వు మాట్లాడతావా? లేదు. ఎవరైనా పని మీద మీ ఇంటికి వస్తారా? ఎవరూ రారు. కుర్చీ, బల్ల ఎవరు కొన్నారు? నేనే. ఆ గది పూర్తిగా పని కోసమేనా? లాప్‌టాప్ అటు తిప్పాను. దూలానికి కట్టిన పాప తొట్టెల, దండెం మీద ఆరేసిన చిన్న గుడ్డలు, మూలన వడ్ల బస్తాలు కనిపించి ఉంటాయి. అతని ముఖం తేలికపడింది. చాలా బాగుందన్నాడు. ఇక్కడ ఆఫీసు లేదని, నేను మేనేజర్‌ని కాదని, ఆ బోర్డు కంపెనీ పెట్టించింది కాదని రాసి సంతకం పెట్టమన్నాడు. బోర్డు తీసేసి, తీసినట్టు ఫొటో కూడా పంపాలన్నాడు. రాసింది అక్షరాలా నిజమే. అయినా రెండుసార్లు చదివి గానీ సంతకం పెట్టలేదు.

తలుపు తీసేసరికి మామ లేచి నిలబడ్డాడు.

"ఏమన్నడు బిడ్డా?"

"ఈడ ఆఫీసు లేదని రాసియ్యమన్నడు మామా. ఫ్లెక్సీ గూడ తియ్యాల్నట."

"ఆఫీసు లేకపోతే నువ్వు రోజు గంతసేపు కూసుండి చేసేదేంది?"

"పని."

"ఎవలిది?"

పన్ను గురించి, చట్టం గురించి చెప్పబోయాను. ఆయన వింటున్నట్టు తల ఊపి, లోపలి నుంచి స్టూలు తెచ్చుకున్నాడు. తాళ్లు తానే విప్పాడు. పట్టుకుంటానంటే వద్దన్నాడు. మడిచి, మా ఫొటోలు లోపలికి వచ్చేట్టు తిప్పి, పెరట్లో కట్టెల మీద కప్పాడు. ఖాళీ గేటును ఫొటో తీసి పంపాను.

ఉద్యోగం పోలేదు. బెంగళూరులో ఉన్న ఒక సంస్థ నన్ను తీసుకుంది. వాళ్లెవరినీ నేను చూడలేదు. జీతం స్లిప్పు వస్తోంది, పీఎఫ్ నంబరు వచ్చింది. పని అదే, తోటల వాళ్లూ వాళ్లే. ఒమాన్‌కు ఫోన్ చేసి చెబితే నా భర్త ఆ స్లిప్పు ఫొటో తీసి పంపమన్నాడు. కాన్పు సెలవు గురించి బెంగళూరు సంస్థలోని అమ్మాయిని ఫోన్‌లో అడిగాను. పాప నేను చేరకముందే పుట్టింది కాబట్టి వర్తించదని, ఇంకోసారికి అన్ని హక్కులూ ఉంటాయని చెప్పింది.

కంపెనీ వాళ్లందరూ ఉండే గ్రూపులోంచి నన్ను తీసేశారు. అందులో సొంత ఉద్యోగులే ఉండాలని లాయరు చెప్పాడట. మేనేజరు ఇప్పుడు పనిని రాసి పంపుతుంది. పాప పాకుతోందా, పళ్లు వచ్చాయా అని అడగదు. అడగవద్దని ఆవిడకు ఎవరూ చెప్పి ఉండరు, తనే జాగ్రత్త పడుతోందేమో. నేనూ ఫొటోలు పంపడం మానేశాను. పంపేముందు వెనక గోడ మీద ఏముందో వెతుక్కునే స్థితికి వచ్చాక, పంపాలనిపించలేదు. ఇది రాస్తూ కూడా కంపెనీ పేరు ఎక్కడా రాయలేదు.

మొన్న మధ్యాహ్నం రామారెడ్డి ఊరి నుంచి మామకు వరసకు తమ్ముడయ్యే ఆయన వచ్చాడు. ఆయన కూతురు బీకాం అయిపోయి ఇంట్లో ఉంది. ఇద్దరూ అరుగు మీద కూర్చున్నారు. పాపను ఒడిలో పెట్టుకుని నేను ఒక గులాబీ తోట యజమానికి జవాబు రాస్తున్నాను. కోడలి ఆఫీసులో పిల్లకు ఏదైనా పని ఇప్పించమని ఆయన అడగడం తలుపు అవతలి నుంచి వినిపించింది. మామ చాయ్ గ్లాసు కింద పెట్టిన చప్పుడు వచ్చింది.

"ఈడ ఆఫీసు లేదురా. ఆమె ఒక్కతే ఉంటది."

మామ గొంతులో కోపం లేదు. తర్వాత ఇద్దరూ వానల గురించి మాట్లాడుకున్నారు. నేను రాస్తున్న జవాబు పూర్తి చేసి పంపాను.