కౌంటర్ మీది బెల్లం డబ్బా

ఊపిరితిత్తుల్లోకి పోయిన దుమ్మును బెల్లం కడిగేస్తుందని మీరూ నమ్ముతున్నారా? నన్ను నమ్మించినవాడు బందరులో ఇప్పటికీ దుకాణం నడుపుతున్నాడు.

గుడివాడలో మా ఇంటి షెడ్డులో కారు బంపర్లకు కొత్త రూపం ఇవ్వడం నా సరదా. గాజు నారతో చేసిన ఫైబర్‌గ్లాస్ మ్యాట్ పరిచి, రెసిన్ జిగురు పూసి, గట్టిపడ్డాక గ్రైండర్‌తో రుద్దేవాణ్ణి. సామాను అతని దగ్గరే కొన్నాను. మాస్కు అడిగితే నవ్వాడు.

"మాస్కెందుకు మాస్టారూ, ఆపరేషన్ చేస్తారా ఏంటి? పనయ్యాక ఈ ముక్క చప్పరించండి. దుమ్మంతా దిగిపోద్ది."

రెసిన్ కొన్న ప్రతివాడికీ అక్కడ బెల్లం ఉచితం.

ముసురు రోజు. జల్లు కొట్టకుండా తలుపులు మూసి రుద్దాను, పనయ్యాక బెల్లం చప్పరించాను. ఆ సాయంత్రం మూఢనమ్మకాల మీద నా ఉపన్యాసం. వాక్యం సగంలో ఊపిరి అందలేదు. ఎదుటివాడికి గంటసేపు సందివ్వని నేను, మైకు ముందు పిల్లికూతలు పెడుతూ నిలబడ్డాను.

గుడివాడ ఆసుపత్రిలో ఎక్స్‌రే బాగానే ఉందన్నారు. దగ్గు మందు ఇచ్చారు. వారం తిరక్కుండా మెట్లెక్కలేని స్థితికి వచ్చాను. దుకాణానికి ఫోన్ చేశాను.

"కొత్త బెల్లం తిని ఉంటారండీ. పాతదైతేనే పనిచేస్తది."

పాతదీ తిన్నాను. మా ఆవిడ చూస్తూ ఊరుకోలేదు. "దేవుణ్ణి కూడా రుజువు అడుగుతారుగా, బెల్లాన్ని అడగరేం?" అని విజయవాడ తీసుకెళ్ళింది.

సీటీ స్కాన్ తీశారు. గొట్టంలోకి ఊదించి, ఊపిరి సత్తువ కొలిచే పీఎఫ్‌టీ పరీక్ష చేశారు. డాక్టరు గారు నా పని సంగతంతా విన్నారు. "ఇది ఆస్తమా అండీ. రెసిన్ ఆవిరి, గాజు దుమ్ము తెచ్చిపెట్టాయి. బెల్లం పొట్టలోకి పోతుంది, దుమ్ము లంగ్స్‌లోకి. రెండూ ఎక్కడ కలుస్తాయనుకున్నారు?"

స్టెరాయిడ్ ఇన్‌హేలర్‌తో తేరుకున్నాను. షెడ్డు వైపు వెళ్ళలేదు. అయినా మళ్ళీ మంచాన పడ్డాను. షెడ్డులో ఆరేసిన దుప్పట్లతో ఆ దుమ్ము పడగ్గదిలోకి వచ్చింది. ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టారు. అప్పుడు నాకు గుర్తొచ్చింది దేవుడు కాదు, ఆ బెల్లం డబ్బా.

ఇప్పుడు రెండు పూటలా ఇన్‌హేలర్. మాట్లాడగలను గానీ గంటసేపు కాదు. మిగిలిన ఊపిరి ఎవరి మీద ఖర్చు పెట్టాలో తేల్చుకున్నాను. సెలవు దొరికితే బందరు బస్సెక్కి ఆ కౌంటర్ పక్కనే నిలబడతాను. వచ్చినవాళ్ళకు నా కథ దగ్గుతూ చెబుతాను.

"మీ దగ్గుకి బేరాలు పోతున్నాయి మాస్టారూ. ఇక రాకండి బాబూ."

"అందుకే వస్తున్నానండీ."

క్షమించమన్నాడు. క్షమించను. డబ్బా ఇంకా అక్కడే ఉంది.

ఫైబర్ పని చేసేవాళ్ళు గుడ్డ కట్టుకుంటే చాలదు. ఆవిరినీ, దుమ్మునూ ఆపే కార్ట్‌రిడ్జ్ రెస్పిరేటర్ మాస్కు పెట్టుకోండి. మీ ఊరి దుకాణంలో ఎవరైనా బెల్లం చేతిలో పెడితే, గ్రైండర్ అతని చేతిలో పెట్టండి. "తలుపులు మూసి, మాస్కు లేకుండా, మీరే రుద్ది చూపించండి" అనండి. అతను ఆ డబ్బా తీసేదాకా అక్కణ్ణుంచి కదలకండి.