ఎస్తేరమ్మ, మా సర్కారు ఇల్లు

మా వెనక సందులో ఎవరో ఇంటికి సున్నం వేయిస్తున్నారు. ఈ రోజుల్లో అందరూ రంగుల డబ్బాలే కొంటున్నారు, సున్నం వేయించేవాళ్ళు తగ్గిపోయారు. పొద్దున కిటికీ తెరవగానే ముక్కును కొంచెం మండించే ఆ తడి వాసన గదిలోకి వచ్చింది. చాయ్ గ్లాసు పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. మేము మొదటిసారి మా సొంత ఇంట్లో అడుగుపెట్టినప్పుడు వచ్చిన వాసన అది. ఆ వాసన వస్తే నాకు ఇంటికంటే ముందు ఎస్తేరమ్మ పెద్దమ్మ గుర్తుకొస్తుంది. ఆమె లేకపోతే మాకు ఆ ఇల్లు లేదు.

ఛత్రినాకలో ఒక పాత పెంకుటింటిని వాటాలుగా చేసి కిరాయికి ఇచ్చేవారు. ఒక వాటాలో మేము, పక్క వాటాలో ఎస్తేరమ్మ. ఆమె సర్కారు కాన్పుల దవాఖానలో ఆయా. భర్త పోయాడు, పిల్లలు లేరు. కళ్ళు కనపడని అత్తను చూసుకుంటూ ఉండేది. పొడుగ్గా, కొంచెం వంగి నడిచేది. గొంతు మాత్రం ఎప్పుడూ వంగేది కాదు. వాటాలన్నిటికీ కలిపి ఒకటే నల్లా, ఒకటే పాయఖానా. అత్తను చెయ్యి పట్టుకుని వాకిలి దాటించి తీసుకెళ్తే, అక్కడ వరుసలో ఉన్నవాళ్ళు విసుక్కునేవారు. ఆ ముసలమ్మ పగటిపూట నీళ్ళు తాగడమే మానేసింది. ఆ సంగతి అప్పట్లో మా అమ్మకు తప్ప ఇంకెవరికీ తెలియదు.

బాపు బస్సు డిపోలో మెకానిక్‌కు హెల్పరు. నేను అప్పుడు ఇంటర్ చదువుతున్నాను, తమ్ముడు బడికి పోయేవాడు. డెబ్బైల చివరి రోజులవి. ఇల్లు అమ్మేస్తున్నాను, దసరాలోగా అందరూ ఖాళీ చేయాలి అని ఇంటి మాలిక్ ఒకరోజు కబురు పంపాడు. బాపు ఆదివారాలు తిరిగి తిరిగి వచ్చేవాడు. ఎక్కడ అడిగినా అడ్వాన్సే మా అందుబాటులో లేదు. కొనడమన్న మాట మా ఇంట్లో ఎవరి నోటా వచ్చేది కాదు.

చిన్న జీతగాళ్ళకు సర్కారు ఇళ్ళు కట్టి నెలనెలా కట్టే కిస్తీల మీద ఇస్తోందని దవాఖానలో విని వచ్చింది ఎస్తేరమ్మే. జల్‌పల్లి దిక్కు, ఊరు దాటాక రాళ్ళ నేలలో కడుతున్నారట. బాపు నవ్వాడు. “గవన్నీ పెద్దోళ్ళ మనుషులకే అక్కా. మనకెవలిస్తరు?” అన్నాడు.  మర్నాడు ఆమె అమ్మను వెంటపెట్టుకుని ఆఫీసుకు పోయి రెండు ఇళ్ళ తరఫునా దరఖాస్తు పెట్టి వచ్చింది.

ఇళ్ళు ఎవరికో తేల్చడానికి అందరి ముందూ చీటీలు తీసిన రోజు మేమంతా వెళ్ళాం. షామియానా కింద జనం కిక్కిరిసి ఉన్నారు. బాపు పేరు పిలిచినప్పుడు ఆయన కదల్లేదు, ఇంకెవరో మల్లేశం అనుకున్నాడు. ఎస్తేరమ్మే వీపు మీద చరిచి ముందుకు తోసింది. ఆమె పేరు మాత్రం రాలేదు. ఎవరైనా వద్దంటే ఆ ఇల్లు ఇవ్వడానికి మళ్ళీ కొన్ని పేర్లు తీశారు. వాటిలో మొదటిది ఆమెది. “మంచిదే, దేవుడు నన్ను లైన్ల నిలవెట్టిండు,” అని నవ్వింది. తిరిగి వస్తూ దారిలో అత్త కోసం మెత్తటి బన్ను కొన్నది.

ఆ ఆదివారమే ఇల్లు చూడటానికి పోయాం. చివరి స్టాపులో దిగి చాలా దూరం నడిచాం. రాతి గుండ్లు, తంగేడు పొదలు, వాటి మధ్య వరుసగా తెల్లటి చిన్న చిన్న ఇళ్ళు. ఒక గది, వంటకు కాస్త చోటు, వెనక మాకు మాత్రమే సొంతమైన పాయఖానా. అమ్మ గోడ మీద అరచెయ్యి ఆనించి, అంటిన సున్నం చూసుకుని చిన్నపిల్లలా మురిసిపోయింది. బాపు మాత్రం బయటే నిలబడి రోడ్డు వైపు చూస్తున్నాడు. బస్సు లేదు. నీళ్ళకు ట్యాంకరే దిక్కు. 

మర్నాడు సాయంత్రం ఎస్తేరమ్మ గడపలో కూర్చుని చేటలో బియ్యం ఏరుతోంది. బాపు పోయి ఎదురుగా నిలబడ్డాడు.

“అక్కా, రేపు ఆఫీసుకు వోయి ఇల్లు వద్దని చెప్పొస్త. నేను ఇడిస్తే నీకే వస్తది గదా. నీ అత్తకు ఈడ మస్తు తక్లీఫ్ అయితుంది. నువ్వే తీస్కో.”

నేను లోపలి నుంచి వింటున్నాను. అమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది.

ఎస్తేరమ్మ చేట పక్కన పెట్టింది. “వస్తది. నిన్నటి సంది నీ మొఖం చూస్తున్న. ఇడుస్తవేమో అని నాకూ అనిపించింది. అబద్ధం ఎందుకు, జర సంబురం గూడ అయింది,” అంది. మళ్ళీ చేట అందుకుని, “గానీ తమ్మీ, నువ్వు నాకియ్యాల్నని ఇడుస్తలేవు. భయపడి ఇడుస్తున్నవ్. భయపడి ఇడిసిన ఇంట్ల నేను పోయి పండుకుంటే నాకు నిద్ర వడ్తదా?” అంది.

“కిస్తీ ఆగితే సామాను బయటేస్తరక్కా. ఊళ్ళె మా అన్న పొలం గట్లనే పాయె.”

“ఇప్పుడు ఏస్తలేరా? కిరాయి టైముకే కడ్తివి. అయినా లెవ్వమనలేదా?”

బాపు ఇంకో సాకు వెతికాడు. “నాది పొద్దుగాల డ్యూటీ. బస్సు లేని కాడికెల్లి ఎట్ల రావాలె?” అన్నాడు.

“డ్యూటీ మార్చుమని అడిగినవా?”

“ఒప్పుకోరక్కా.”

“అడగకముందే వాళ్ళ జవాబు నువ్వే చెప్తున్నవేంది?”

మర్నాడు ఆమె డిపో గేటు దాకా బాపు వెంట నడిచింది. లోపలికి పోయి అడిగేదాకా అక్కడే నిలబడి ఉందని బాపు తర్వాత చాలాసార్లు చెప్పుకున్నాడు. సూపర్‌వైజరు తల కూడా ఎత్తకుండా “సరే, వచ్చే వారం నుంచి రెండో షిఫ్టు” అన్నాడట. ఆ ఒక్క మాట కోసం ఇల్లు వదులుకోబోయానని బాపు గేటు బయట పొట్ట పట్టుకుని నవ్వాడట. నవ్వుతుంటే కళ్ళల్లో నీళ్ళు వచ్చాయట.

మేము ఇల్లు మారే రోజు వచ్చింది. మాలిక్ చెప్పిన గడువు దగ్గరపడినా ఎస్తేరమ్మకు ఎక్కడా గది దొరకలేదు. దవాఖానలో ఏదో మూల సర్దుకుంటానంది. అప్పటిదాకా ప్రతిదానికీ ఆమెను సలహా అడిగే బాపు ఆ రోజు మాత్రం అడగలేదు. రిక్షా పిలిచి, ముసలమ్మను ఎత్తి కూర్చోబెట్టాడు. “గా ఇల్లు నాదైతే అండ్ల ఎవలుండాల్నో నేనే చెప్త. ఎక్కు అక్కా,” అన్నాడు. ఆమె మొదటిసారి ఎదురు మాట్లాడకుండా ఎక్కింది.

ఒక్క గదిలో ఆరుగురం. ఇరుకే, కానీ ఎవరూ వరుసలో నిలబడి విసుక్కునేవాళ్ళు లేరు. ముసలమ్మ మళ్ళీ చెంబునిండా నీళ్ళు తాగడం మొదలుపెట్టింది. ఒక మధ్యాహ్నం పెద్ద వాన పడింది. కారే పెంకుటింటి పాత అలవాటుతో బాపు లేచి, “బోళ్ళు తే, బోళ్ళు తే” అని అమ్మను కేకేశాడు. అమ్మ గిన్నెలతో వచ్చింది. ఇద్దరూ పైకి చూస్తూ నిలబడ్డారు. ఎక్కడా ఒక్క చుక్క రాలలేదు. చివరికి ఎస్తేరమ్మ, “గా బోళ్ళల్ల పకోడీలన్న వెయ్యుండ్రి,” అంది. ఆ రోజు మేము నవ్వినంతగా ఛత్రినాకలో ఎన్నడూ నవ్వినట్టు గుర్తులేదు.

తర్వాతి ఎండాకాలంలో మా వెనక వరుసలో ఒకాయనకు వేరే జిల్లాకు బదిలీ అయింది. ఇల్లు వద్దని రాసిచ్చి పోయాడు. ఆఫీసు నుంచి ఎస్తేరమ్మకు పిలుపు వచ్చింది. తాళం తీసిన రోజు ఆమె అత్తను గది మధ్యలో నిలబెట్టి చెయ్యి వదిలేసింది. ముసలమ్మ తడుముకుంటూ నాలుగు గోడలూ తిరిగి, మళ్ళీ తలుపు దగ్గరికి వచ్చింది.

“ఎస్తేరూ, గిది మనదేనా? ఎవలన్న లెవ్వమంటరా?”

“ఎవలు అనరు అత్తా. గట్టిగ కూసో.”

ఆ మాట అంటూ ఎస్తేరమ్మ గుమ్మంలోనే కూలబడింది. అంతకాలం మా అందరికీ ధైర్యం చెప్పిన మనిషి, చెంగు నోట్లో కుక్కుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. అమ్మ పక్కన కూర్చుని వీపు నిమురుతూ ఉండిపోయింది. బాపు బయట ఊరికే అటూ ఇటూ నడిచాడు. తర్వాత ఇళ్ళన్నీ నిండాక అక్కడికి బస్సు కూడా వచ్చింది.

తర్వాత నేను మున్సిపల్ ఆఫీసులో ఉద్యోగం చేశాను. పింఛనుకో, ఇంటి పట్టాకో వచ్చి, గుమ్మం దాకా వచ్చి లోపలికి తొంగిచూసి, ‘మనకెవరిస్తారులే’ అని గొణుక్కుంటూ తిరిగిపోయేవాళ్ళు రోజూ కనపడేవారు. ఫైలు మూసి, లేచి బయటికి పోయి వాళ్ళను కేకేసేదాన్ని. పోయేవాళ్ళను వెనక నుంచి పిలిస్తే పని కాదని మా తోటి ఉద్యోగులు మందలించేవారు. రిటైరయ్యేదాకా పిలుస్తూనే ఉన్నాను. ఇప్పటికీ రోడ్డు మీద అలా అడగకుండానే తిరిగిపోయే నడక కనిపిస్తే నా గొంతు ఆగదు.