నెత్తళ్లతో పాటు ఒడ్డుకొచ్చిన అధ్యక్షుడు

ఆ రోజుల్లో నాకు భూమ్మీద పెద్దగా నమ్మకం ఉండేది కాదు. బొబ్బిలి వరిపొలాల్లో పుట్టి, మోకాలిలోతు నీళ్లే సముద్రమనుకుని పెరిగినవాడిని, నౌపడ ఉప్పుమళ్ల దగ్గర గుమాస్తాగా చేరిన ఏడాదికే నిజం సముద్రం మీద ఎగరడం మొదలుపెట్టాను. కారణం మా అక్క మొగుడు. గోవాలో పని మానేసి వస్తూ, ఎవరో వాడి వదిలేసిన కైట్ సర్ఫింగ్ సరంజామా మూటగట్టి తెచ్చాడు. గాలి కొట్టి నింపే పెద్ద గాలిపటం, నడుముకి కట్టుకునే పట్టీ, కాళ్ల కింద పలక. గాలి పటాన్ని లాగుతుంది, పటం మనల్ని లాగుతుంది, మనం అలల మీద జారుకుంటూ పోతాం. అప్పుడప్పుడు లేస్తాం కూడా. నేనోసారి తాటిచెట్టంత ఎత్తు లేచాను (బావ కొబ్బరిమొక్కంత అంటాడు. ఆయన కళ్లజోడు అప్పటికే పాతది).

చూస్తుండగానే మేం ఐదుగురమయ్యాం. చిక్కల్లా ఏమిటంటే, ఆ తీరం మా ఒక్కళ్లదే కాదు. చలి తగ్గే వేళకి సముద్రపు తాబేళ్లు వచ్చి అక్కడి ఇసుకలో గుడ్లు పెడతాయి. అందుకని అది అటవీశాఖ రక్షణలో ఉండేది, గుడ్లున్న మేరకి సరుగుడు కర్రల కంచె కట్టి ఉండేది. ఆ పక్కనే పెద్దవల జాలర్లు. పడవ మీద వలని నీళ్లలో అర్ధచంద్రంలా తిప్పి వేసి, రెండు కొసల తాళ్లనీ ఒడ్డున నిలబడి ముప్పైమంది లాగేవాళ్లు. ఓ రోజు మా పటం ఒకటి తెగిపోయి నేరుగా ఆ కంచె మీద పడింది. కొత్తగా వచ్చిన రేంజరమ్మ మమ్మల్ని వరసగా నిలబెట్టి, "శుక్రవారం మళ్లీ వస్తాను. మీవల్ల ఎవరికీ ఇబ్బంది లేదని ఆ రోజు నాకు నమ్మకం కుదరాలి. కుదరకపోతే ఈ తీరంలో మీ ఆట బంద్," అంది. ఉద్యోగం పోతుందన్నా నేనంత బెంగపడేవాడిని కాదు.

బావ నన్ను పెద్దవల జట్టు పెద్ద దగ్గరికి లాక్కెళ్లాడు. ఊరంతా ఆయన్ని 'మావా' అనే పిలిచేది. "మావా, నాలుగు జట్లోళ్లు ఒక్క ఒడ్డుమీద కొట్టుకోకుండా ఎలాగుంటన్నారు?" అని అడిగాడు బావ.

"వంతులున్నాయి కదరా. ఎవుడి వంతు ఆడిది. తప్పినోడు పక్కజట్టుకి ఊరకే తాడు లాగాల. దీనికి మళ్లీ పోలీసోడొచ్చి సెప్పాలేటి?"

మాకు దారి దొరికింది. ఆ సాయంత్రమే చెక్క మీద నియమాలు రాసి పాతేశాం. వల నీటిలో ఉందని మావ ఎర్రగుడ్డ ఎత్తితే పటాలన్నీ దిగాలి. కంచె మీదుగా ఏ పటమూ పోకూడదు. ఒడ్డున ఒకరు కాపలా లేకుండా ఎవరూ నీళ్లలో దిగకూడదు. తాబేలు కనబడితే ముందు దాని పని చూడాలి. తప్పినవాడు వారం రోజులు పటం ముట్టకుండా వల తాడు లాగాలి. అధ్యక్షుణ్ని నేనే గనక (ఎన్నిక సక్రమంగానే జరిగింది, నా ఒక్కడి చెయ్యే లేచింది) చివర్న "ఎంతటివాడైనా సరే" అని లావుపాటి అక్షరాలతో చేర్చాను. అది బావని మనసులో పెట్టుకుని రాసింది.

శుక్రవారం రేంజరమ్మ వచ్చి చెక్క చదువుతోంది. బావ ఒడ్డున కాపలా. నేను నీళ్ల మీద క్రమశిక్షణ ప్రదర్శిస్తున్నాను. అంతలో దూరంగా నీళ్లు నల్లబడ్డాయి, అంటే చేపల గుంపు వచ్చిందన్నమాట. తనిఖీ అయ్యేదాకా ఆగమని బావ బతిమాలాడట. "రేంజరమ్మొస్తే సేప ఆగుతాదేటిరా?" అని మావ వల వేయించి ఎర్రగుడ్డ ఎత్తేశాడు.

నేను గుడ్డ చూడలేదని చాలా ఏళ్లు చెప్పుకు తిరిగాను. చూశాను. ఆవిడ చూస్తోంది కదా, ఒక్క ఎగురు ఎగిరి దిగుదామనుకున్నాను. సరిగ్గా అప్పుడే గాలి విసిరింది. ఎంత పైకి పోయానంటే, కింద వల చంద్రవంకలా కనబడింది, నేను దాని నడిమధ్యకి దిగుతున్నానని కూడా కనబడింది. కంచె మీదుగా పోతే నిమిషంలో పొడి ఒడ్డు చేరొచ్చు. కానీ ఆ ఇసుక కింద గుడ్లున్నాయి. పటాన్ని నడుం పట్టీకి కలిపే కొక్కెం తప్పించాను. పటం కూలింది, నేను మునిగి తేలాను, దారాలన్నీ వల తేలుబెండ్లకీ నా కాళ్లకీ చుట్టుకున్నాయి.

"మావా, లోపల మా బావమరిది ఉన్నాడు!" అని బావ కేక.

"లాగడం ఆపితే సేప పోతాది, లాగితే ఆడొస్తాడు. లాగండిరా!"

అలా వచ్చాను. బుట్టలకొద్దీ వేలెడంత నెత్తళ్ల చేపలు, వాటి మధ్య నేను, నా పక్కన గంగాళమంత తాబేలు. అందరూ తాళ్లు వదిలి పరుగెత్తుకొచ్చారు, దాని దగ్గరికి. "మావా, ముందు నన్ను విప్పండి!" అని మొత్తుకున్నాను. "ఉండరా. నీకు అరవడానికి నోరున్నాది, దానికి నేదు," అని మావ దాన్ని మెల్లగా విడిపించి నలుగురి చేత నీళ్లలోకి పంపించాడు. అది వెళ్తూ నావైపు చూసింది. జాలిపడిందనే నా అభిప్రాయం.

నన్ను విప్పాక బావ తీరుబడిగా చెక్క దగ్గరికెళ్లి నియమాలన్నీ పైకి చదివాడు. "ఎంతటివాడైనా సరే" దగ్గర గొంతు పెంచి రెండుసార్లు చదివాడు. "గాలి విసిరింది బావా..." అని నసిగాను. "గుడ్డ ముందు లేచిందా, నువ్వు ముందు లేచావా?" అన్నాడు. మిగతా ముగ్గురూ ఒక్కమాట మీద శిక్ష ఖాయం చేశారు.

మా ఆట ముగిసిందనుకుని తల వంచుకున్నాను. రేంజరమ్మ నా జుట్టులో ఇరుక్కున్న నెత్తల్ని తీసి పారేసి, "నేను తిరిగిన ప్రతిచోటా తప్పు పక్కవాడి మీదికి తోసినవాళ్లే. అధ్యక్షుణ్నే వలలో వేసి తెచ్చి, తాబేలు తరవాత విప్పినవాళ్లని ఇదే చూడడం. ఆడుకోండి. ఈ చెక్క మాత్రం తియ్యకండి," అంది. ఒడ్డంతా ఈలలు, కేకలు! నన్ను భుజాల మీద ఎత్తుకుంటారనుకుని చేతులు చాపాను. తాడు చేతికిచ్చారు.

ఆ తీరంలో ఇప్పటికీ పటాలు ఎగురుతున్నాయి, తాబేళ్లూ వస్తున్నాయి. మొన్న బావతో వెళ్లి, ఒక్క పటం ఇస్తే ఎగిరి చూపిస్తానన్నాను. అక్కడ నేర్పుతున్న ఒకమ్మాయి నా పొట్టని ఈ చివర్నుంచి ఆ చివరికి కొలిచినట్టు చూసి, "బాబాయ్, నిన్ను లేపడానికి మా పటాలు సాలవు. ఓడ తెరసాప కావాల," అంది. అందరికంటే గట్టిగా నేనే నవ్వాను. నవ్వాను గానీ, ఇంటికొస్తూ దారిలో బావని అడిగాను, తెరచాపలు కుట్టేవాళ్లు ఈ చుట్టుపక్కల ఎక్కడైనా ఉన్నారా అని.