కరగాల్సిన స్క్రూలు

పదవీ విరమణకు మూడేళ్ల ముందు, ఒక వేసవిలో, శంషాబాద్ విమానాశ్రయం పక్కన ఎముకల స్క్రూలు తయారుచేసే చిన్న కంపెనీలో సీనియర్ మెటలర్జిస్టుగా చేరాను. అంతకుముందు పాతికేళ్లు విమానాల మరమ్మతు షెడ్డులో ఉన్నాను. అక్కడ నా పనల్లా మెగ్నీషియం భాగాలకు తుప్పు పట్టకుండా కాపలా కాయడమే.

ఇక్కడ పని దానికి తలకిందులు. విరిగిన ఎముకను స్టీలు స్క్రూతో బిగిస్తే, అతికాక దాన్ని తీయడానికి ఒక్కోసారి మళ్లీ కోయాలి. మెగ్నీషియం మిశ్రమంతో చేసిన స్క్రూ ఎముక అతికేదాకా పట్టుకుని, తర్వాత ఒంట్లోనే మెల్లగా కరిగిపోతుంది. పాతికేళ్లు తుప్పును తిట్టిన నోటితోనే దాన్ని వేళకు రమ్మని పిలవాల్సి వచ్చింది.

పాత షెడ్డు నుంచి టెక్నీషియన్ నర్సింహను వెంట తెచ్చుకున్నాను. శంషాబాద్ పక్క పల్లె అతనిది. లేత్ మిషను మీద అతని చేతికి తిరుగులేదు.

మా పరీక్ష సులువైనదే. ఒంటి వేడిమికి కాచిన ఉప్పునీటిలో స్క్రూను ముంచుతాం. మెగ్నీషియం కరిగేకొద్దీ హైడ్రోజన్ బుడగలు వస్తాయి. బోర్లించిన గాజుగొట్టంలో వాటిని పట్టి కొలిస్తే కరిగే వేగం తెలుస్తుంది. అప్పటిదాకా మా బాధల్లా స్క్రూలు తొందరగా కరిగిపోవడమే. కొత్తగా చేసిన ఒక విడతలో మాత్రం బుడగలు ఒకటీ అరా తప్ప రాలేదు. మేనేజరు రాఘవరావు గారు పొంగిపోయి మిఠాయి తెప్పించారు. మర్నాడు అదే విడతను గొర్రెల ఎముకల్లో పెట్టడానికి పశువైద్యులకు పంపాలి.

నాకు మిఠాయి దిగలేదు. ఆ స్క్రూలు చేసిన మిశ్రమం కడ్డీ నుంచే నేను కోసిన బిళ్లలు అదే ఉప్పునీటిలో బుసబుసా పొంగుతున్నాయి. ఒకే తల్లి పిల్లల్లో ఇంత తేడా ఏమిటని వర్క్‌షాపులోకి వెళ్లాను. నర్సింహ, ఆల్కహాలుతో కడిగి ఆరబెట్టిన స్క్రూలను ఒక్కొక్కటే గుడ్డతో తుడుస్తున్నాడు. గుడ్డ నిగనిగలాడుతోంది.

"ఏమిటి నర్సింహా అది?" అన్నాను.

"ఏం లేదు మేడం, జర నూనె. ఊకె పెడితే తుప్పువట్టి తెల్లగైతున్నయి. చూస్తుంటె పానం ఒప్పుతలేదు."

నవ్వూ కోపమూ ఒకేసారి వచ్చాయి. షెడ్డులో అతనికి అలా నేర్పింది మేమే. ఆ పొర వల్లే స్క్రూకు నీళ్లు తగల్లేదు. ఆ నూనె గొర్రె ఎముకలోకి పోతే పుండు పడేది, నింద మిశ్రమం మీదికి వచ్చేది.

సంగతి చెప్పగానే రాఘవరావు గారు మండిపడి, నర్సింహను ఆ సాయంత్రమే పంపించేయమన్నారు. నర్సింహ ముఖంలో నెత్తురు లేదు. "గింత పనికి నౌకరి పోతదా మేడం?" అన్నాడు. బడంగ్‌పేట్‌లో అతని కొత్త ఇల్లు గోడల దాకానే లేచింది. పని పద్ధతి రాసిన కాగితం తీసుకెళ్లి మేనేజరు ముందు పెట్టి, నూనె రాయకూడదని ఎక్కడుందో చూపమన్నాను. ఎక్కడా లేదు. కింద సంతకం ఆయనదే.

"అయితే ముందు నన్ను పంపించాలన్నమాట!" అని ఆయనే నవ్వేశారు.

స్క్రూలన్నీ మళ్లీ కడిగి ముంచాం. ఈసారి బుడగలు కావాల్సినదానికంటే ఎక్కువే వచ్చాయి, మిశ్రమాన్ని ఇంకోసారి సరిచేయాల్సి వచ్చింది. గొర్రెలకు కొంత ఆలస్యమైంది. అవేమీ అనుకోలేదు.

కొన్ని నెలలకు ఒక గొర్రె కాలి ఎక్స్‌రే వచ్చింది. ఎముక అతికింది, స్క్రూ మసక నీడలా మిగిలింది. నర్సింహ దాన్ని వెలుతురుకు పట్టి చూశాడు. "గంత మంచిగ చేస్తి, పోవట్టె," అని నిట్టూర్చి, "పోనియ్యుండ్రి మేడం, గొర్రె నడుస్తున్నది గద," అన్నాడు.

పనిమంతుణ్ని కొత్త పనిలో పెట్టేటప్పుడు ఏం చేయాలో ఎలాగూ చెబుతాం. పాత పనిలో ఏది మానాలో కూడా చెప్పాలి. చెప్పకపోతే అతను మన పనిని ఎంతో శ్రద్ధగా పాడుచేస్తాడు.