వెనక్కి తిరిగిన ముహూర్తం

ఆ రోజుల్లో మా వరంగల్‌లో వైరు అంటే కరెంటు తీగ ఒక్కటే. దాని గుండా వెలుగు వస్తుందని అందరికీ తెలుసు గానీ, మనుషులు కూడా వస్తారంటే నవ్వేవారు. నవ్వనివాణ్ణి మా గల్లీలో నేనొక్కణ్ణే. హన్మకొండ చౌరస్తాలో రేడియోలు, టీవీలు బాగుచేసే షాపులో కొత్తగా పనికి కుదిరాను. కరెంటు ఉందో లేదో చూడ్డానికీ, మరలు బిగించడానికీ పనికొచ్చే టెస్టర్‌ను ఎప్పుడూ జేబులో పెట్టుకుని తిరిగేవాణ్ణి (పెండ్లికి పోయినా సరే, దవాఖానకు పోయినా సరే). అందుకని అందరూ నన్ను 'టెస్టర్' అనే పిలిచేవారు. అది వెక్కిరింపని తెలియక బిరుదనుకుని మురిసిపోయాను.

ఆ ఏడే మా అక్క పెండ్లి డోర్నకల్‌లో, బావ వాళ్లింటి దగ్గర జరిగింది. సరిగ్గా ముందు వారమే మా నాయినమ్మ వాకిట్లో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ముహూర్తం మార్చడం కుదరదన్నారు, ఆమెను కదిలించడం కుదరదన్నాడు డాక్టరు. ఏంచేస్తాం, ఆమె లేకుండానే కానిచ్చేశాం. తిరిగొచ్చేసరికి నాయినమ్మ అలిగి, మంచంతో సహా గల్లీ చివరన మా మేనత్త ఇంటికి మకాం మార్చేసింది. నలుగురు మోస్తుంటే పడుకున్నచోటినుంచే దారి చెప్పిందట. అక్కా బావా కాళ్లు మొక్కబోతే గోడవైపు ముఖం తిప్పుకుంది. "నేను సూడని పెండ్లికి దీవెన ఎట్లిస్త బిడ్డా? అచ్చింతలు పుస్తె కట్టేటప్పుడు ఏస్తరు గని, కట్టినంక ఏస్తరా?" అంది. అక్కను చిన్నప్పటినుంచీ చంకన వేసుకుని పెంచింది ఆమె. అక్క ఏడ్చి ఏడ్చి, "నాయినమ్మ అచ్చింతలు పడంది నేను కాపురానికి పోను" అని తేల్చేసింది. పాపం బావ, సర్దిన పెట్టె పక్కన దిక్కులు చూస్తూ కూర్చున్నాడు.

పెండ్లిని వీడియో తీయించారు, క్యాసెట్ మా చేతిలోనే ఉంది. దాన్ని ఆడించే వీసీఆర్ మాత్రం గల్లీ మొత్తానికీ నూనె సేటు ఇంట్లోనే ఉంది. దేవుడి పటాల పక్కన, పట్టుగుడ్డ కప్పుకుని ఉండేదది. "క్యాసెట్ ఎన్నిసార్లన్న ఏస్కోరి, ఫికర్ లేదు. గని నా డబ్బ గడప దాటదు" అన్నాడు సేటు. పోనీ నాయినమ్మనే మంచం మీద అక్కడికి తీసుకుపోదామంటే ఆమె ఒక్క కసురు కసిరింది. "ఒక్కపారి నలుగురు మోసిన్రు. ఇంకోపారి మోస్తే ఏడికి తీస్కపోతరో నాకెర్కలేదా?"

డబ్బా రాదు, మనిషి పోదు. అయితే వైరు పోతుంది కదా! "అంత దూరం బొమ్మ పోదురా, నడుమనే సచ్చిపోతది" అన్నాడు షాపులో మా ఉస్తాదు. అంటూనే బొమ్మకు బలమిచ్చే బూస్టర్ ఒకటి చేతిలో పెట్టాడు. ఎండుమిర్చి ఆరబోసిన మిద్దెల మీదుగా, ఒడియాలు తొక్కి తిట్లు తింటూ, సేటు ఇంటినుంచి మేనత్త ఇంటిదాకా వైరు లాగాను.

ఆదివారం మధ్యాహ్నం మేనత్త బ్లాక్ అండ్ వైట్ టీవీ ముందుకు నాయినమ్మ మంచం జరిపాం. చూసేది ఇక్కడ, మీటలు నొక్కేది అక్కడ సేటు ఇంట్లో అక్క. మరి ఆపమనాలన్నా, నడపమనాలన్నా ఎట్లా? నడుమ మిద్దె మీద బావను నిలబెట్టాను. నేను కిటికీలోంచి అరిస్తే ఆయన అటు తిరిగి అరవాలి (మా రిమోట్ అదే). కొత్తల్లుడు, ఇస్త్రీ చొక్కా, నెత్తిన ఎండ!

తెర నిండా ముందు గరగరమని చుక్కలు. టీవీ ట్యూనింగ్ మర తిప్పుతుంటే ఆ చుక్కల్లోంచి మెల్లగా మా అక్క ముఖం తేలింది, బాసికంతో సహా. వైరు లాగింది నేనే, అతుకులు వేసింది నేనే, అయినా నోరు తెరుచుకుని నిలబడిపోయాను. మేనత్త తెరకు దండం పెట్టింది. నాయినమ్మ మాత్రం "పిల్ల బక్కగైంది" అంది.

జీలకర్ర బెల్లం అయింది. తెర మీద బావ పుస్తె చేతిలోకి తీసుకున్నాడు. నాయినమ్మ ఉలిక్కిపడింది. "ఆపుమనురా! అచ్చింతలేవీ?"

"బావా, ఆపుమను!" అని నేను, "ఏయ్, ఆపూ!" అని బావ. బొమ్మ ఆగింది. పుస్తె పట్టుకున్న చేతులు గాలిలోనే వణుకుతూ నిలిచిపోయాయి. మేనత్త వంటింట్లోకి ఉరికింది. బియ్యం దొరికాయి, పసుపు డబ్బా దొరకలేదు. "నెయ్యి గూడ కలుపు, ముహూర్తం నిలవడ్డది గద, తొందరేంది?" అంటోంది నాయినమ్మ. ఇంతలో బావ కేక. "సేటు అంటాండు, గింతసేపు ఆపితే డబ్బ ఖరాబైతదట!" ఆ మాట పూర్తయిందో లేదో, బొమ్మ తనంతట తానే కదిలింది (ఎక్కువసేపు ఆపితే ఆ డబ్బా ఆగదట, గొప్ప మెకానిక్‌ను, నాకు తెలిస్తేగా!). చూస్తుండగానే మూడు ముళ్లూ పడిపోయాయి.

నాయినమ్మ ఖాళీ చేతులు చూసుకుంది. "గీ పారి గూడ దాటిపాయె" అంది, చిన్న గొంతుతో. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

"బావా! ఎనకకు తిప్పుమను!"

అప్పుడు తెర మీద జరిగింది నేనూ ఎన్నడూ చూడలేదు. అక్క నెత్తిన పడిన అక్షింతలన్నీ లేచి ఎవరివి వాళ్ల గుప్పిట్లోకి వెళ్లిపోయాయి. బావ వేళ్లు చకచకా ముళ్లు విప్పేశాయి. నాయినమ్మ కెవ్వుమంది. "ఓరి వీని పాడుగాను, పుస్తె ఇప్పుతాండేందిరా!" అప్పటికి పసుపు దొరికి అక్షింతలు కలుపుతున్న మేనత్త ఉరికొచ్చి, పసుపు చేతులతోనే తెర మూసేసింది. మిద్దె మీదినుంచి బావ గొంతు, "ఏమైందిరా? నేనేం జేసిన?"

"ఏం గాలే నాయినమ్మా, మల్ల కడ్తడు" అని, బావకు కేకేసి బొమ్మ ఆపించాను. ఆమె తెరవైపు, నావైపు మార్చి మార్చి చూసింది. "అయిన పెండ్లి మల్ల మొదటికొచ్చిందా? నా కోసమేనా?" అంటుంటే ఆమె కళ్లు నిండాయి. మేనత్త తెచ్చిన పళ్లెంలోంచి గుప్పిట నిండా అక్షింతలు తీసుకుని, "ఇగ కట్టుమను" అంది.

"బావా, కట్టుమంటాంది!"

"కట్టూ!" అని బావ తన పెండ్లికి తానే, గల్లీ దద్దరిల్లేలా అరిచాడు. పుస్తె పడింది. "సల్లగుండు బిడ్డా, నూరేండ్లు సల్లగుండు" అంటూ నాయినమ్మ పళ్లెం ఖాళీ అయ్యేదాకా టీవీ మీద అక్షింతలు చల్లింది. తర్వాత అక్క ఉరుక్కుంటూ వచ్చి, "ఏసినవా నాయినమ్మా?" అంటే, "ఏసిన గదనే, నీకు గనవళ్లేదా?" అని ఆశ్చర్యపోయింది. బొమ్మ ఇటునుంచి అటు పోదని ఆమెకు చెప్పడానికి నాకు మనసొప్పలేదు. ఆ సాయంత్రం బండికే అక్క డోర్నకల్ వెళ్లింది.

నాయినమ్మ పోయిన చాలా ఏళ్లకు మేనత్త ఆ టీవీని నా షాపుకు పంపింది, అప్పటికి నాకూ సొంత షాపుంది. వెనక మూత తీస్తే దుమ్ములో అక్షింతలు, ఇంకా పచ్చగానే ఉన్నాయి. టీవీలో ఏ చెత్త ఉన్నా ముందు బ్రష్‌తో దులపాలని ఉస్తాదు నేర్పాడు. బ్రష్ తీసుకున్నాను, మళ్లీ పక్కన పెట్టేశాను. వైరు పట్టుకుని మిద్దెల మీద దూకిన ఆ టెస్టర్ గుర్తొచ్చి నవ్వొచ్చింది. చెడింది బాగుచేసి, గింజ కదలకుండా మూత పెట్టి, జేబులోంచి టెస్టర్ తీసి మరలు బిగించాను.