పెట్టె పలకని ఆదివారం

మా ముత్తాత ఉపదేశి దేవదానం. మా ఊరి చర్చికి, మేము గుడి అనేదానికి, బేతంచెర్ల నాపరాళ్ళతో నేల పరిపించినవాడు. ఆయన కొడుకు, మా జేజినాయన శాంతప్ప, ఆ రాళ్ళు తీసే గనికి యజమాని, సంఘానికి పెద్ద, గుడిలోకి మొదటిసారి హార్మోనియం తెచ్చినవాడు. మా నాయన రత్నం దాన్ని వాయిస్తే కోడుమూరు నుంచి కూడా జనం వచ్చి వినేవాళ్ళు. ఈ మూడు పేర్లు చదివితే మా వైపువాళ్ళకు నేనెవరో తెలిసిపోతుంది. తెలియనీ. నా పేరు రాయకపోవడం భయం వల్ల కాదు. ఆ పేర్ల పక్కన నిలబడే అర్హత దానికి లేదు, అంతే. ఆ ముగ్గురి పరువు చాటున నేనొక తప్పును దాచాను. ఏళ్ళ తరబడి దాన్ని మోస్తూనే తల ఎత్తుకుని నడిచాను. ఇక మోయను.

మా ఊళ్ళో హార్మోనియాన్ని పెట్టె అంటారు. మమ్మల్ని పెట్టింటోళ్ళు అనేవాళ్ళు. పెట్టె గుడిది కాదు, మా ఇంటిది. ఆదివారం పొద్దున ఎర్రగుడ్డ చుట్టి మేమే మోసుకెళ్ళేవాళ్ళం, ఆరాధన అయ్యాక మేమే తెచ్చుకునేవాళ్ళం. అది పలికేదాకా గుడిలో పాట మొదలయ్యేది కాదు. ఎవరింట్లో చావు జరిగినా సమాధుల దాకా శవపేటిక ముందు పెట్టె నడిచేది. మోయడానికి ఎవరైనా సాయం పట్టొచ్చు. వాయించే మెట్ల మీద మాత్రం మా ఇంటి వేళ్ళే పడాలి. అది జేజినాయన పెట్టిన కట్టడి.

గని పోయింది. చేను పోయింది. అయినా ఆదివారం నేను పెట్టెతో వీధిలోకి వస్తే అరుగుల మీద కూర్చున్నవాళ్ళు లేచి నిలబడేవాళ్ళు. పెట్టెకు లేచేవాళ్ళా, నాకు లేచేవాళ్ళా? ఆ ప్రశ్న నేనెప్పుడూ వేసుకోలేదు. వేసుకుని ఉంటే ఇదంతా జరిగేది కాదేమో.

నాయనకు పక్షవాతం వచ్చి ఎడమ చేయి పడిపోయింది. తిత్తి ఒత్తి గాలి కొట్టే చేయి అది. ఆ తర్వాత పెట్టె ముందు నేను కూర్చోవాలి. చిన్నప్పటి నుంచీ నేర్చుకున్నాను కూడా. కానీ నాకు చెవి లేదు. మెట్లు తెలుసు, పాట తెలియదు. జనం ఒక దారిలో పాడుతుంటే నేను ఇంకో దారిలో పోయేవాణ్ణి. నాయన కొన్నాళ్ళు ఓర్చుకుని, చివరికి ఏసోబును పిలిపించాడు. ఏసోబు మా గొర్రెలు కాచినతని కొడుకు, గనిలో రాళ్ళు మోసేవాడు. నాకంటే చిన్నవాడు. మంచం మీద పడుకుని నాయన నోటితో చెబుతుంటే వాడు వేళ్ళతో పట్టుకునేవాడు.

"నువ్వు మొయ్యి. వాడు వాయిస్తాడు," అన్నాడు నాయన నాతో. అందులో ఎగతాళి లేదు. ఉండి ఉంటే నాకు కోపగించుకునే వీలుండేది.

గుడి కట్టిన రోజు ఏటా మా ఊళ్ళో పండుగ. బయటి ఊళ్ళ సంఘాలు కూడా వస్తాయి. ఆ పండుగకు ఏసోబు మొదటిసారి అందరి ముందు వాయించాలి. పొద్దున మా అరుగు మీద కూర్చుని, నాయనకు ఇష్టమైన పాట మళ్ళీ మళ్ళీ వాయించుకున్నాడు. నేను లోపల గడ్డం గీసుకుంటున్నాను. నాయన మంచం మీద నుంచే "ఆహా" అన్నాడు. ఆ మాట నా వాయింపుకు ఎన్నడూ రాలేదు. ఏసోబు కొత్త చొక్కా తొడుక్కుని వస్తానని ఇంటికి పోయాడు. పెట్టెకు ఎర్రగుడ్డ చుట్టడం నా పని. బ్లేడు నా చేతిలోనే ఉంది.

గాలితిత్తి లోపలి మడతలో, మూసి ఉంటే కనబడని చోట, ఒక గీత కోశాను. అదే బ్లేడుతో మిగిలిన గడ్డం గీసుకున్నాను. అది కూడా చెప్పాలి. తర్వాత గుడ్డ చుట్టి, ఎప్పటిలాగే తల ఎత్తుకుని వీధిలోకి వచ్చాను. అరుగుల మీద వాళ్ళు లేచారు.

గుడి నిండిపోయింది. ఏసోబు దండం పెట్టుకుని తిత్తి ఒత్తాడు. స్వరం సగంలో తెగి, గాలి బుస్సుమంది. ఇంకా గట్టిగా ఒత్తాడు. గీత ఇంకా తెరుచుకుంది.

"ఏమప్పా ఏసోబూ, బండలు కొట్టినట్ల కొడితివా ఏంది? పెట్టెకే ఆయాసం వచ్చిండాది!" అని వెనక నుంచి ఎవరో అన్నారు. గుడి గుడంతా నవ్వింది.

ముందు వరసలో కుర్చీలో ఉన్న నాయన నన్ను దగ్గరకు పిలిచాడు. "ఏమైందిరా?"

"పొద్దున అరుగు మీద తెగ ఒత్తినాడు నాయనా. మెల్లగా అని అప్పుడే అంటి. తిత్తి చినిగినట్టుండాది."

ఏసోబు విన్నాడు. కాదంటాడనుకున్నాను. కాదని ఉంటే వాదించి గెలవడానికి మాటలు సిద్ధం చేసుకునే ఉన్నాను. వాడు రెండు చేతులూ తిప్పి చూసుకున్నాడు.

"నిజమేలే అన్నా. నా చేయి శానా బరువు. రాళ్ళు మోసే చేయి గదా."

"మా నాయన మాట నేను దాటకుండా ఉండాల్సింది," అన్నాడు నాయన. నన్ను కాదు, వాణ్ణి కూడా కాదు. తనలో తాను అనుకున్నాడు.

ఆ ఆదివారం సంఘం పెట్టె లేకుండానే పాడింది. బాగానే పాడింది.

కర్నూలుకు తీసుకుపోయి బాగు చేయిస్తానన్నాను. తీసుకుపోలేదు. ఇక పనికిరాదని చెప్పారన్నాను. పెట్టె మా ఇంట్లో మంచం కిందికి పోయింది. నాయన చనిపోయినప్పుడు ఆయన ముందు పెట్టె నడవలేదు. శవపేటికకు భుజం పట్టినవాళ్ళలో ఏసోబు ఉన్నాడు. తర్వాత సంఘం కీబోర్డు కొంది. వాయించమని పాస్టరు అడిగితే, "నా చేయి పడితే పోతాదయ్యా, వద్దు" అన్నాడు వాడు. గుడిలో చివరి వరసలో కూర్చుంటాడు. పాట వచ్చినప్పుడు నోరు కూడా తెరవడు. పెట్టె ఒక్కటే పోతుందనుకుని కోశాను. వాడి గొంతు కూడా అందులోనే ఉందని నాకు తెలియదు. తెలిసి ఉంటే ఆగేవాణ్ణా? ఆగేవాణ్ణని రాయాలని ఉంది. రాయలేను.

ప్రతి ఆదివారం గుడిలో లేచి దేవుడి మేలూ మన తప్పూ చెప్పుకునే సాక్ష్యాల వేళ ఉంటుంది. ఎన్నోసార్లు లేచాను. ఆరోగ్యానికి కృతజ్ఞత చెప్పాను, మనవరాలు పుట్టినందుకు చెప్పాను, వాన పడినందుకు చెప్పాను. చెప్తూ చెప్తూ చివరి వరస వైపు మాత్రం చూసేవాణ్ణి కాదు.

పోయిన ఎండాకాలం ఏసోబు మా ఇంటికి వచ్చాడు. తల నెరిసిపోయింది. బండల పాలిష్ ఫ్యాక్టరీ దుమ్ముతో ఇంకా తెల్లగా ఉన్నాడు. చేతిలో మెత్తటి తోలుముక్క ఉంది.

"అన్నా, పెట్టె ఉండాదా? నేను చింపిన చోటు నేనే అతికిస్తా. సచ్చేలోపల ఆ పని చేసుకోవల్ల."

ఆదివారం గుడి అయ్యాక రమ్మన్నాను. వాడు పోయాక పెట్టెను బయటికి లాగి తిత్తి తెరిచి చూశాను. ఒత్తిడికి చినిగితే అంచులు పీచులుగా లేస్తాయి. నా గీత బద్ద పెట్టి గీసినట్టు నిటారుగా ఉంది. ఎవరు చూసినా కోసిందేనని తెలుస్తుంది. అతికించడానికి తెరిస్తే ఏసోబుకు తెలియదా?

ఆదివారం వాడు వచ్చాడు. చెదలు పట్టింది, పారేశామని చెప్పాను. "పోనీలే అన్నా, నువ్వేం చేస్తావు," అన్నాడు. నన్నే ఓదార్చాడు. తోలుముక్క అరుగు మీద పెట్టి పోయాడు. ఇది రాస్తున్నప్పుడు అది నా ముందే ఉంది.

రాబోయే ఆదివారం సాక్ష్యాల వేళ లేస్తాను. ఈసారి చివరి వరస వైపు చూస్తూ చెప్తాను. క్షమించమని అడగను. అడిగితే, అందరి ముందూ ఏసోబు సరేననాల్సి వస్తుంది. ఆ ఇబ్బంది కూడా వాడి మీద పెట్టలేను. కోసింది నేను, నీ చేతిలో ఏ తప్పూ లేదు అని చెప్పి, తోలుముక్క వాడి చేతికిచ్చి కూర్చుంటాను. ఆ తర్వాత వీధిలో నన్ను చూసి ఎవరూ లేవకపోవచ్చు. వాడు మళ్ళీ పాడతాడో లేదో నాకు తెలియదు. ఇదంతా మీకు చెప్పగలిగాను, కాబట్టి అక్కడా చెప్పగలను. ఈ పూటకు నాకు ఆ ధైర్యం చాలు.

ఒకటి మిగిలింది. పెట్టెకు చెదలు పట్టలేదు. నేను పారేయలేదు. ఏసోబు తోలు తెచ్చిన మరునాడే పాత సామాన్లు కొనేవాడి ఆటో మా వీధికి వచ్చింది. ఎర్రగుడ్డతో సహా ఎత్తి ఇచ్చేశాను. గనినీ చేనునూ అమ్మింది మా నాయన. పెట్టెను అమ్మింది నేను.