ఆమె వైపు ఫ్యాను

మా ఆవిడ పోయాక వచ్చిన మొదటి ఎండాకాలం అది. పురుగుమందు కోసం గురజాల నుంచి దాచేపల్లికి మా పాత జీపులో ఒక్కణ్ణే బయలుదేరాను. ఆమె కూర్చునే వైపు డ్యాష్‌బోర్డు మీద చిన్న ఫ్యాను ఉంది. "దీని గాలికి ఈగ కూడా లేవదు" అని పదిహేనేళ్లు సణిగింది. ఆమె లేకపోయినా, జీపు ఎక్కగానే అలవాటుగా ఆ ఫ్యాను వేస్తాను.

ఆ రోజు అది రయ్యిమని తిరిగింది. రెగ్జిన్ సీటు కాలుతుందని ఆమె పరిచిన తువ్వాలు రెపరెపలాడింది. నాకెందుకో సంతోషమేసి యాక్సిలేటరు తొక్కాను. తొక్కేకొద్దీ గాలి పెరిగింది. కుళ్లిన గుడ్ల వాసన వస్తున్నా పట్టించుకోలేదు. దాచేపల్లి పొలిమేరలో బానెట్ కింద నుంచి పొగలు వచ్చాయి.

జీపు ఆపగానే, పక్క షెడ్డులోని మెకానిక్ మస్తాన్ వచ్చి బానెట్ ఎత్తాడు. బ్యాటరీ కుతకుతా ఉడుకుతోంది.

"కటౌట్‌లో పాయింట్లు అతుక్కపోయినయ్ బాబాయ్. స్పీడు పెరిగేకొద్దీ డైనమో కరెంటు పోస్తానే ఉంటది. దాన్ని అదుపు చేసేది ఈ డబ్బానే. ఇంకాసేపు తొక్కితే బ్యాటరీ పేలేది. ఫ్యాను అట్టా తిరుగుతుంటే అనుమానం రాలేదా?"

"గాలి బాగా వస్తందని తొక్కినా" అన్నాను.

అతను ఖాళీ సీటు వైపు తిరిగి ఉన్న ఫ్యానును చూసి, షెడ్డులోంచి కొత్త డబ్బా తెచ్చాడు. కటౌట్ మార్చాడు.

పురుగుమందు కొనుక్కుని తిరిగి వస్తుంటే ఫ్యాను ఎప్పటిలాగే మెల్లగా తిరిగింది. ఈగ కూడా లేవని గాలి. ఆ మాట అనే మనిషి కోసం గురజాల దాకా చెవి అటే పెట్టి నడిపాను.